కాలనీ వీధిలో అందరూ కలిసి భోంచేయాలంటే: వీధి విందుకు సమగ్ర మార్గదర్శి

ఒకే వీధిలో పదేళ్లుగా ఉంటున్నా ఎదురింటాయన పేరు తెలియకపోవడం హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇప్పుడు వింతేమీ కాదు. ఆయన కారు నంబరు తెలుసు, మన ఫోన్లో కనపడే ఆయన వైఫై పేరు తెలుసు, మనిషి పేరే తెలియదు. చాలా దేశాల్లో దీనికి వాడుతున్న మందు ఒకటుంది. ఏడాదికో పూట వీధిలోకి బండ్లు రాకుండా ఆపి, రోడ్డు మీదే బల్లలు వేసుకుని, ఆ వీధివాళ్లే వండుకుని, వడ్డించుకుని తింటారు. ముప్పై నలభై ఇళ్లున్న మన కాలనీ వీధిలో దాన్ని ఎలా జరపాలో పూసగుచ్చినట్టు చెబుతాను.

"వినాయక చవితి మండపాలున్నాయిగా, మళ్లీ ఇదెందుకు?" అని అడిగేవాళ్లు ఉంటారు. అడగాల్సిన ప్రశ్నే. మండపం దగ్గర కమిటీవాళ్లు వేరు, చందా రాసేవాళ్లు వేరు, దండం పెట్టుకుని ప్రసాదం తీసుకుని వెళ్లేవాళ్లు వేరు. వేరే మతంవాళ్లు, నిన్నగాక మొన్న అద్దెకు దిగినవాళ్లు, చందా ఇవ్వలేనివాళ్లు పక్కనే ఉండిపోతారు. ఎవరి పండుగా కాని రోజున పెట్టుకునే భోజనానికి ఆ ఇబ్బంది లేదు. ఇందులో నేను పట్టుబట్టేది ఒక్కటే: ఇంటింటికీ వెళ్లి చందా అడక్కండి, పని అడగండి. డబ్బిచ్చినవాళ్లు చూడ్డానికి వస్తారు. పని ఒప్పుకున్నవాళ్లు తమ ఇంటి పెళ్లిలా తిరుగుతారు.

ముందు కాస్త చరిత్ర

వీధి విందు అనగానే ముందు చెప్పుకోవాల్సింది బ్రిటన్ గురించి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919 జూలై 19న అక్కడ శాంతి దినోత్సవం జరిపారు. ఆ సందర్భంగా పేదల పేటల్లో పిల్లల కోసం వీధుల్లోనే బల్లలు వేసి టీ, కేకులు పెట్టారు. 1945 మే 8న యూరప్‌లో యుద్ధం ముగిసినప్పుడు అదే పద్ధతి ఊరూరా కనిపించింది. అప్పటికి రేషన్ ఇంకా నడుస్తోంది. చక్కెర, వెన్న, టీ అన్నీ కూపన్ల మీదే. ఒక్క ఇంటి కోటాతో కేకు కాదు కాబట్టి నాలుగిళ్లవాళ్లు తమ వాటాలు కలిపి చేశారు. బల్లలు వంటింట్లోంచి వచ్చాయి, దుప్పట్లు బల్లగుడ్డలయ్యాయి, పియానో ఉన్న ఇంటివాళ్లు దాన్ని వీధిలోకి తోసుకొచ్చారు. లేనితనమే వాళ్లను కలిపింది. 1953లో రాణి ఎలిజబెత్ పట్టాభిషేకానికి, 1977లో ఆమె పాలన రజతోత్సవానికి మళ్లీ అలాగే జరిగాయి. 2009లో ఈడెన్ ప్రాజెక్ట్ అనే సంస్థ రాజకుటుంబంతో పని లేకుండా ఏటా ఇరుగుపొరుగు భోజనాలు పెట్టించడం మొదలుపెట్టింది.

ఫ్రాన్స్‌ది ఇంకో దారి. 1999లో పారిస్ 17వ వార్డులో అతనాస్ పెరిఫాన్ అనే స్థానిక నాయకుడు 'ఇరుగుపొరుగు పండుగ' మొదలుపెట్టాడు. ఒంటరిగా ఉంటున్న ఒక వృద్ధురాలు చనిపోయి, నెలలు గడిచేదాకా ఎవరికీ తెలియకపోవడం తనను కదిలించిందని ఆయన చెబుతుంటాడు. ఇప్పుడది చాలా దేశాలకు పాకింది.

అలాగని ఇదంతా తెల్లవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన సంగతేమీ కాదు. పన్నెండో శతాబ్దపు పల్నాటి బ్రహ్మనాయుడి పేరు చెప్పగానే గుర్తొచ్చేది చాపకూడు: కులం చూడకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని తినడం. కారెంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు పెడతారు. తెలంగాణలో సద్దుల బతుకమ్మ నాడు ఆటయ్యాక ఆడవాళ్లు నువ్వుల సద్ది, పెరుగు సద్ది, పులిహోర ఒకరికొకరు పంచుకుంటారు. ఎవరింట్లో చేసింది వాళ్లు తెచ్చి, నలుగురిలో కలిపి తినడం అంటే ఇదేగా. శ్రీరామనవమి పందిట్లో పానకం, వడపప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు.

దీనివల్ల ఒరిగేదేమిటంటే రెండు సంగతులు చెబుతాను. డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే పట్టణ ప్రణాళిక ఆచార్యుడు 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దాదాపు ఒకేలా ఉండే మూడు వీధుల్ని పరిశీలించాడు. ఒకదాంట్లో రోజుకు సుమారు 2,000 బండ్లు, ఇంకోదాంట్లో 8,000, మూడోదాంట్లో 16,000. బండ్లు తక్కువున్న వీధిలో ఒక్కొక్కరికి సగటున ముగ్గురు స్నేహితులు అదే వీధిలో ఉన్నారు. బండ్లు ఎక్కువున్న చోట ఒక్కరు కూడా సరిగ్గా లేరు, సగటు 0.9. 'మా వీధి' అని గీసి చూపమంటే మొదటి వీధివాళ్లు వీధి మొత్తాన్ని గీశారు, మూడో వీధివాళ్లు తమ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. రెండోది 1995 జూలైలో షికాగో వడగాడ్పులు. 700 మందికి పైగా చనిపోయారు. ఎరిక్ క్లినెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త తర్వాత లెక్కలు తీస్తే, పక్కపక్కనే ఉన్న రెండు పేద పేటల్లో మరణాలకు ఎంతో తేడా కనిపించింది. దుకాణాలతో, మనుషులతో వీధి కళకళలాడే పేటలో ముసలివాళ్లు బయటకు వచ్చారు, వాళ్లను కనిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. రెండోదాంట్లో తలుపులు మూసుకుని ఇంట్లోనే పోయారు. 2015 మే నెల వడగాడ్పులు చూసిన మనకు ఇది దూరపు కథేమీ కాదు.

మొదటి అడుగు: వీధిని ఎంచుకోవడం

కాలనీ మొత్తానికి ఒకేసారి పెట్టాలనే ఉత్సాహం వస్తుంది. వద్దు. రెండొందల ఇళ్లంటే అది సభ అయిపోతుంది, స్టేజీ కావాలంటారు, స్టేజీ ఉంటే కార్పొరేటర్‌ని పిలవాలంటారు. ఒక్క వీధి, నలభై ఇళ్లలోపు చాలు. అవతలి కొస మూసుకుపోయిన సందు అయితే మరీ మంచిది. బస్సులు, స్కూలు వ్యాన్లు తిరిగే దారి, ఆసుపత్రికి వెళ్లే దారి అయితే దాన్ని వదిలేసి పక్క సందుకు మారండి. అపార్ట్‌మెంట్లు ఉన్న వీధిలో సెల్లార్‌లో పెట్టుకుందాం అనే మాట వస్తుంది. సెల్లార్‌లో పెడితే అది ఆ అపార్ట్‌మెంటు ఫంక్షన్ అవుతుంది, పక్క పెంకుటింటివాళ్లు రారు.

రెండో అడుగు: ముగ్గురు మనుషులు

పెద్ద కమిటీ వేస్తే పదవుల గొడవ మొదలవుతుంది. ముగ్గురు చాలు. వీధిలో అందరినీ పేరు పెట్టి పిలిచే ఒక పెద్దావిడ ఎలాగూ ఉంటారు, ఆవిడ మొదటి మనిషి. అద్దెకుండేవాళ్లలోంచి ఒకరు కచ్చితంగా ఉండాలి, లేకపోతే ఇది సొంతింటివాళ్ల వ్యవహారం అయిపోతుంది. మూడోవాళ్లు లెక్క రాయగలిగి, వాట్సాప్ గ్రూపు నడపగలిగే కుర్రాళ్లు. కాలనీ సంఘం అధ్యక్షుడికి ముందే ఒక మాట చెప్పండి, అంతకంటే అక్కర్లేదు.

మూడో అడుగు: ఇంటింటికీ వెళ్లడం

అసలు పని ఇదే. గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకుంటే బొటనవేళ్లు వస్తాయి, మనుషులు రారు. నెల రోజుల ముందు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య, ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఒక నోటుబుక్‌లో ఇంటి నంబరు, ఎంతమంది, ఏ పని, ఏం తినరు అని నాలుగు గళ్లు గీసుకోండి. మాట ఇలా సాగితే బావుంటుంది:

"నమస్తే ఆంటీ, నాలుగో నంబరు ఇంట్లో ఉంటాం. జనవరి 26 సాయంత్రం మన వీధిలోనే అందరం కలిసి భోంచేద్దామనుకుంటున్నాం."

"మంచిదేనమ్మా. ఎంతివ్వాలి?"

"డబ్బు తర్వాత సంగతి ఆంటీ. మీ చారు చాలా బావుంటుందని పై పోర్షన్‌వాళ్లు చెప్పారు. ఆ రోజు చారు మీరు చూసుకుంటారా?"

ఇక ఆవిడ రాకుండా ఉండరు. వంట చేయని ఇళ్లకూ పని ఉంటుంది: కుర్చీలు దింపించడం, నీళ్ల క్యాన్లు తెప్పించడం, వీధి కొసన నిలబడి బండ్లు మళ్లించడం, పిల్లల ఆటలు, వడ్డన, చెత్త. ఐటీ కుర్రాళ్ల రూముల్ని వదిలేయకండి. బల్లలు మోయడానికి వాళ్లకంటే దొరికేవాళ్లెవరు? ఉద్యోగం నుంచి రాత్రి తొమ్మిదింటికి వచ్చేవాళ్లకు మర్నాటి ఉదయం పని ఇవ్వండి. "మేం రాలేం" అన్నవాళ్లను బతిమాలకండి. ఆ రోజు సాయంత్రం వాళ్ల గేటు ముందు బండి తీసుకోవడానికి ఎప్పుడు దారి కావాలో మాత్రం అడిగి రాసుకోండి. మర్యాదగా అడిగిన ఆ ప్రశ్నకే సగం మంది మెత్తబడతారు.

వాచ్‌మన్ కుటుంబాలు, ఇస్త్రీ బండి ఆయన, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, పొద్దున్నే చెత్త బండితో వచ్చేవాళ్లు కూడా ఈ నోటుబుక్‌లో ఉండాలి. వీళ్లను చివర్లో మిగిలింది పెట్టడానికి కాదు, మొదటి బంతిలో కూర్చోబెట్టడానికి పిలవాలి.

నాలుగో అడుగు: తేదీ

సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ. మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షలు, ఆ ఇళ్లలో టెన్షన్. ఏప్రిల్, మే ఎండలు. కోస్తాలో నవంబరు వరకూ, ఒక్కోసారి డిసెంబరు మొదట్లో కూడా తుపాను భయం. మిగిలేది డిసెంబరు రెండో వారం తర్వాత ఒక ఆదివారం, లేదా జనవరి చివర. నా ఓటు జనవరి 26 సాయంత్రానికి. అందరికీ సెలవు, ఏ మతానికీ చెందని రోజు, పొద్దున జెండా దగ్గర కనపడినవాళ్లకు మళ్లీ ఒకసారి గుర్తుచేయొచ్చు. ఎన్నికల కోడ్ ఉన్న నెలల్లో పెట్టుకోకండి. అనుమతులు కష్టం, పైగా ప్రతి భోజనానికీ ఒక పార్టీ అంటగడతారు.

సమయం సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది. భోజనం ఏడింటికి.

అయిదో అడుగు: అనుమతులు

మన ఇంటి ముందే అయినా రోడ్డు మనది కాదు. కనీసం రెండు వారాల ముందు స్థానిక పోలీస్ స్టేషన్‌లో అర్జీ ఇవ్వండి. వీధి పేరు, ఏ కొస నుంచి ఏ కొస వరకు, ఎన్ని గంటలు, ఎంతమంది, బండ్లు ఏ దారిన వెళ్తాయి, బాధ్యులు ఎవరు అన్నవి ఒక్క పేజీలో రాసి, చేతితో గీసిన పటం జతచేయండి. నలభై ఇళ్లలో ముప్పై సంతకాలుంటే ఆ అర్జీకి బరువు వస్తుంది. ట్రాఫిక్ పోలీసులకు కూడా ఇవ్వాలా అని అక్కడే అడగండి. ఇచ్చిన ప్రతి కాగితం కాపీ మీద ముద్ర వేయించుకోండి. జనవరి 26కు పోలీసులకు బందోబస్తు పని ఎక్కువ కాబట్టి ఇంకో వారం ముందే వెళ్లండి.

మైకుకు విడిగా అనుమతి ఉండాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్. నన్నడిగితే అసలు మైకే వద్దు. డీజే పెట్టిన చోట పక్కవాళ్లతో మాట్లాడటానికి అరవాలి. మాట్లాడుకోవడానికే కదా ఇంత తంటా.

వందమంది దాటితే మున్సిపాలిటీకి కూడా చెప్పాలి. ఘన వ్యర్థాల నియమాల్లోనే, అనుమతి ఉన్న ఫంక్షన్ హాలు కాని చోట వందమందికి మించి కలిస్తే కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలపాలని, తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి ఇవ్వాలని ఉంది. వార్డు ఆఫీసులో ఒక కాగితం ఇస్తే సరిపోతుంది, మర్నాడు చెత్త బండి కూడా వేళకు వస్తుంది.

ఆరో అడుగు: డబ్బు

ఖర్చు తక్కువే. టెంట్ హౌస్ నుంచి బల్లలు, కుర్చీలు, పెద్ద గిన్నెలు, కిరాణా, నీళ్లు, ఆకులు. షామియానా అక్కర్లేదు, చలికాలం సాయంత్రం ఆకాశమే చాలు. మొత్తం అంచనా వేసి, పని ఒప్పుకున్నాక, ఆఖరి వారంలో ఒక డబ్బా పెట్టండి. ఇష్టమున్నంత వేయొచ్చు, పేరు రాయరు. ఎవరెంత ఇచ్చారో గ్రూపులో పెట్టడం మొదలైతే ఐదు వేలు ఇచ్చినాయన, యాభై వేసినావిడ ఒకే బల్ల దగ్గర కూర్చోలేరు. రియల్ ఎస్టేట్ వాళ్లు, కోచింగ్ సెంటర్లవాళ్లు స్పాన్సర్ చేస్తామని వస్తారు. వాళ్ల ఫ్లెక్సీ కింద కూర్చుని తినాలనుంటే ఒప్పుకోండి.

ఏడో అడుగు: వంట

అన్నం, పప్పు, పెరుగు లాంటి అసలు భోజనం ఒకేచోట వండండి. దాని మీదికి ప్రతి ఇల్లూ తమ చేతి వంట ఒకటి తేవాలి, అదీ పదిహేను మందికి మించకుండా. ఎవరికివాళ్లు వందమందికి వండాలనుకుంటే ఆడవాళ్లు పొద్దుటి నుంచి వంటింట్లోనే ఉండిపోతారు, సాయంత్రం ముఖం వాడిపోయి వస్తారు. వంట అనగానే నోటుబుక్‌లో ఆడవాళ్ల పేర్లే పడుతుంటే ఆపి, మగవాళ్ల పేర్లు రాయండి. ఉల్లిపాయలు కోయడం ఎవరికైనా వస్తుంది.

వందమందికి అంచనా: పులిహోరతో కలిపి బియ్యం పన్నెండు కిలోలు, కందిపప్పు మూడు కిలోలు, ఒక్కో కూరకు కూరగాయలు ఎనిమిది నుంచి పది కిలోలు, పెరుగు పది లీటర్లు. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు ఐదారు, చేతులు కడుక్కోవడానికి విడిగా డ్రమ్ము. ఇళ్ల నుంచి ఎలాగూ చాలా వస్తుంది కాబట్టి దీనికి మించి పోకండి.

పులిహోర మధ్యాహ్నమే కలిపి పెట్టినా రుచి తగ్గదు, పైగా పెరుగుతుంది. అన్నం వార్చి పెద్ద పళ్లెంలో ఆరబోసి, పసుపు, నూనె, పచ్చి కరివేపాకు వేసి, గరిటె తిరగేసి దాని కాడతో మెతుకు విరగకుండా విప్పాలి. ఉడికించిన చింతపండు పులుసు, ఇంగువ పోపు చల్లారాక పడాలి. కొబ్బరి పచ్చడి, పెరుగన్నం మాత్రం ముందే చేయకండి. వడ్డించే గంటలోనే కలపండి. వేడి గిన్నెలు నాలుగు గంటలకు మించి బయట ఉంచొద్దు.

నాన్‌వెజ్ వద్దంటే గొడవ ఉండదు అని చాలాచోట్ల తేల్చేస్తారు. నాకది నచ్చదు. మాంసం తినే ఇళ్లవాళ్లను వాళ్ల వీధిలోనే అతిథుల్ని చేసినట్టు ఉంటుంది. ఒకే వరసలో ఒక కొసన శాకాహారం బల్ల, ఇంకో కొసన మాంసాహారం బల్ల, వేర్వేరు గరిటెలు, వేర్వేరు వడ్డించేవాళ్లు. మధ్యలో కూర్చునేవాళ్లు ఎటైనా చేయి చాపొచ్చు. ముస్లిం కుటుంబాలుంటే చికెన్ ఎక్కడ కొనాలో ముందే వాళ్లనడగండి, వాళ్లు వండుతామంటే ఇంకేం కావాలి! ప్రతి గిన్నె మూత మీద టేపు అంటించి ఇంటి నంబరు, వంట పేరు, వేరుశనగ, జీడిపప్పు, గుడ్డు ఉంటే ఆ సంగతి రాయాలి. పల్లీలు పడని పిల్లలు ప్రతి వీధిలో ఒకరిద్దరు ఉంటారు.

2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, థర్మోకోల్ అలంకరణ నిషేధం. మోదుగ విస్తళ్లు గానీ అరిటాకులు గానీ వాడండి. గ్లాసు ఎవరిది వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకోమని చెప్పండి.

ఎనిమిదో అడుగు: ఆ సాయంత్రం

మధ్యాహ్నం రెండుకల్లా వీధిలోని బండ్లన్నీ పక్క వీధికి మారాలి. బల్లలు రోడ్డుకు ఒక పక్కగా, ఒకే పొడవాటి వరసలో వేయండి. రెండో పక్క అంబులెన్స్ పట్టేంత దారి చివరిదాకా వదలాలి. ఆ దారిలో తేలిగ్గా లాగేసే కుర్చీ తప్ప ఏదీ పెట్టకూడదు, ముగ్గు కూడా ఈ పక్కనే. రెండు కొసలా తాడు కట్టి, ఒక్కోచోట ఇద్దరు, గంటకోసారి మారుతూ నిలబడాలి. వాళ్ల భోజనం ఎవరు తెచ్చిస్తారో కూడా రాసుకోండి.

లైట్లకు స్తంభం మీద కొక్కేలు తగిలించడం దొంగతనమే కాదు, ప్రాణం మీదికి తెచ్చుకోవడం. ఎవరింటి మీటరు నుంచైనా, షాక్ కొడితే ఆగిపోయే బ్రేకర్ ఉన్న లైను నుంచి తీసుకోండి. వైర్లు నేల మీద వద్దు, గోడ మీదుగా లాగండి. చేతులు కడిగే డ్రమ్ము వైర్లకు అవతలి కొసన ఉండాలి.

నాలుగు నుంచి ఆరు వరకూ వీధి పిల్లలది. తొక్కుడుబిళ్ల, గోళీలు, సైకిళ్లు, టెన్నిస్ బంతితో క్రికెట్. బండ్లు లేని రోడ్డు చూశాక వాళ్లకు ఎవరూ ఆట నేర్పక్కర్లేదు. పెద్దవాళ్ల కోసం ఒక గోడ మీద వీధి పాత ఫొటోలు అతికించండి. ఇక్కడ చెరువుండేది, అక్కడ వేపచెట్టుండేది అంటూ ముసలాయన మొదలుపెడితే చుట్టూ పదిమంది చేరతారు. సన్మానాలు, శాలువాలు, ప్రసంగాలు మాత్రం వద్దు.

భోజనం బంతులుగానే పెట్టండి, బఫే వద్దు. బఫేలో ప్లేటు పట్టుకుని ఎవరి కుటుంబం దగ్గరికి వాళ్లు చేరిపోతారు. బంతిలో పక్కన ఎవరు పడితే వాళ్లతో మాట్లాడక తప్పదు, "పప్పు ఇటు" అని అయినా అనాలి. కూర్చోబెట్టేటప్పుడు ఒక ఇంటివాళ్లందరినీ ఒకేచోట పడనీయకండి. మొదటి బంతికి పిల్లలు, పెద్దవాళ్లు, మన ఇళ్లలో పనిచేసేవాళ్లు. సొంతింటివాళ్లు వడ్డించాలి. రెండో బంతికి తిన్నవాళ్లలో ఓపికున్నవాళ్లు వడ్డిస్తారు. వడ్డించేవాళ్లకు ఒక్క మాట చెప్పాలి: తినేవాళ్ల పేరు అడిగి వడ్డించండి. మర్నాడు గేటు దగ్గర పిలవడానికి పేరుంటుంది.

తొమ్మిదో అడుగు: తర్వాత

తొమ్మిదింటికి తాళ్లు విప్పేయాలి. చెప్పిన సమయానికి రోడ్డు వదిలితేనే వచ్చే ఏడాది స్టేషన్‌లో మాట చెల్లుతుంది. ఆకులు, మెతుకులు ఒక డ్రమ్ములో, కాగితాలు ఇంకోదాంట్లో. రోడ్డు ఊడ్చేది వీధివాళ్లే. మీతో కలిసి తిన్న మనిషికి పొద్దున్నే మీ ఎంగిలాకులు ఎత్తే పని పెట్టకండి. తాకని అన్నం మిగిలితే ఆ రాత్రే పంచేయాలి, ఫ్రిజ్‌లో దాచి మర్నాడు దానం చేయొద్దు.

మూడు రోజుల్లోపు లెక్క గ్రూపులో పెట్టండి, బిల్లుల ఫొటోలతో సహా. వేడి చల్లారకముందే, ఒప్పుకున్నవాళ్ల ఫోన్ నంబర్లతో ఒక కాగితం అచ్చువేసి ఇంటికొకటి ఇవ్వండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో, రాత్రి కారు తీయగలిగేవాళ్లు ఎవరో, నర్సుగానో డాక్టరుగానో పనిచేసేవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో అందులో ఉండాలి. ఈ విందు మొత్తంలో ఎక్కువకాలం పనికొచ్చేది ఈ కాగితమే, దీనికోసమే నేను ఇంత శ్రమ పడమంటున్నాను.

ఏ ఇంటివో తేలని గరిటెలు, మూతలు కొన్ని తప్పకుండా మిగులుతాయి. గ్రూపులో ఫొటో పెట్టండి. నెల దాటినా ఎవరూ రాకపోతే వచ్చే ఏడాది వడ్డనకు సంచిలో కట్టి ఉంచండి.